నాలుగింట మూడు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో ఈ ఏడాదే గణితం టీచరుగా చేరాను. ఎనిమిదో తరగతికి శాతాలు, డిస్కౌంట్లు, చక్రవడ్డీ చెప్పాలి. పాఠం మొదలుపెట్టే ముందు 1/4, 1/8 లలో ఏది పెద్దదని ఊరికే అడిగాను. 36 మందిలో 29 మంది 1/8 అన్నారు. 1/2కి 1/3 కలిపితే 2/5 అని సగం మందికి పైగా రాశారు. శాతం అంటే ఏమిటంటే "పైన ఒకటి కింద ఒకటి రాసి వందతో గుణించడం" అన్నాడు ఒకడు. వెనక్కి వెళ్దామంటే సిలబస్ టెన్షన్. తోటి టీచర్లేమో "వాళ్ళకి ఎక్కాలే రావు, భిన్నాలు ఎలా వస్తాయి? సూత్రం బట్టీ పట్టించెయ్యండి, పాసు మార్కులు వస్తాయి" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
— ఒక గణితం టీచరు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు ఆ 29 మంది సంగతి. వాళ్ళు గుడ్డిగా చెప్పలేదు. గుడ్డిగా చెబితే కొందరు అటు, కొందరు ఇటు చెదిరిపోయేవాళ్ళు. ఇంతమంది ఒకే తప్పు చేశారంటే దాని వెనక ఒక లెక్క ఉంది. నాలుగు కన్నా ఎనిమిది పెద్దదని ఒకటో తరగతి నుంచి మనమే చెప్పాం. వాళ్ళకి 1/8 ఒక సంఖ్యలా కనబడటం లేదు. పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యన గీత, అంతే. 1/2కి 1/3 కలిపితే 2/5 అనడం కూడా అందులోంచి వచ్చిందే. పైవి పైవాటితో కలిపారు, కిందవి కిందవాటితో కలిపారు. శాతం పాఠాన్ని మీరు దీని మీదే కట్టాలి కాబట్టి వెనక్కి వెళ్ళక తప్పదు. పది పీరియడ్లు చాలు. అయితే వెళ్ళాల్సింది ఐదో తరగతి పుస్తకంలోకి కాదు. పిల్లలు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి.

నల్లబల్ల మీద 3/4 రాసి చదవమనండి. "త్రీ బై ఫోర్" అంటారు. తెలుగులో చెప్పమంటే "మూడు బై నాలుగు" అంటారు. మీ నాయనమ్మ ఏమంటుందిరా అని అడగండి. "ముప్పావు" అంటుంది. పొలం పాలుకిచ్చే చోట పెద్దవాళ్ళు "మూడింట రెండు పాళ్ళు నీకు, ఒక పాలు నాకు" అని మాట్లాడుకుంటారు. ఆ మాట వరస చూడండి. మూడింట రెండు. తెలుగు కింద అంకెను ముందు చెబుతుంది, పై అంకెను తర్వాత చెబుతుంది. ఎన్ని వంతులు చేశామో ముందు, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత. కొబ్బరిముక్క పంచినా, పొలం పంచినా చేతులు చేసే పని కూడా ఇదే వరసలో ఉంటుంది. "మూడు బై నాలుగు"లో ఆ పనే లేదు. రెండు అంకెల పేర్లు వినబడతాయి, ఏం చేశారో వినబడదు.

అందుకని ఒక వారం పాటు తరగతిలో "బై" అన్న మాట మాన్పించండి. 3/4 అంటే నాలుగింట మూడు. 5/8 అంటే ఎనిమిదింట ఐదు. నేను రిటైరయ్యే ముందు నాలుగైదేళ్ళు ఇలాగే చదివించాను. ఎనిమిదింట ఒకటి, నాలుగింట ఒకటి అని నోటితో అన్నాక, ఏది పెద్దదని అడిగితే వెంటనే చెయ్యి ఎత్తేవాళ్ళు కాస్త ఆగేవాళ్ళు. ఆ ఆగడమే నాకు కావలసింది. పరీక్ష ఇంగ్లీషులో కదా అంటారేమో. మీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఎలాగూ ఉంది. బల్ల మీద 3/4 పక్కన త్రీ ఫోర్త్స్, ముప్పావు, నాలుగింట మూడు అని మూడూ రాసి ఉంచండి. రెండు భాషల్లో రెండు లెక్కలు లేవని పిల్లలకి తెలియాలి.

మీరున్నది టెక్కలి దగ్గర కాబట్టి మీకో సదుపాయం ఉంది. మీ తరగతిలో ఒకరిద్దరి ఇళ్ళలో అయినా పలాస జీడిపప్పు పనికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పిల్లల్ని లేపి, 240 నంబరు పప్పు, 320 నంబరు పప్పు, ఈ రెండిటిలో ఏది లావు అని అడగండి. 240 అని టక్కున చెబుతారు. మిగతావాళ్ళు నోరెళ్ళబెడతారు. ఆ నంబరు ఏమిటంటే, ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని విరగని పప్పులు తూగుతాయో ఆ లెక్క. 320 నంబరైతే ఒక్కో పప్పు పౌనులో దాదాపు 320వ వంతు, గ్రామున్నర కూడా ఉండదు. 180 నంబరు పప్పు రెండున్నర గ్రాములుంటుంది, ధరా ఎక్కువే. నంబరు పెరిగింది, పప్పు చిన్నదైంది. పొందూరు ఖద్దరు నేసే ఇళ్ళలోనూ ఇదే లెక్క. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 100 నంబరు నూలు అంటే లావు నూలని అక్కడ ఏ పిల్లాడూ అనుకోడు. ఇంత పెద్ద సూత్రం ఇంట్లో పెట్టుకుని బడిలో 1/8 పెద్దదంటున్నారంటే, బడి లెక్క వేరు, ఇంటి లెక్క వేరు అని వాళ్ళు నమ్మేశారన్నమాట. వీలైతే రెండు నంబర్లవి పది పది పప్పులు తెచ్చి బల్ల మీద పెట్టండి. పాఠం అయ్యాక మిగలవనుకోండి, అది వేరే సంగతి.

పప్పు దొరక్కపోతే బియ్యం కొలిచే పాత కొలపాత్రలు తవ్వ, సోల, గిద్దె దొరుకుతాయేమో చూడండి. ఊళ్ళో ఎవరో ఒకరి అటక మీద ఇత్తడివి ఉంటాయి. రెండు సోలలు ఒక తవ్వ, నాలుగు గిద్దెలు ఒక సోల. అంటే గిద్దె తవ్వలో ఎనిమిదింట ఒకటి. ఒక సోల, ఒక గిద్దె బియ్యం తవ్వలో పోయించి, తవ్వలో ఎన్నో వంతు నిండిందని అడగండి. 1/2 + 1/8 అని మీరు బల్ల మీద రాయకముందే "ఐదు గిద్దెలు" అంటారు. ఎనిమిదింట ఐదు. హారాలు, అంటే కింద అంకెలు, సమానం చెయ్యడమంటే ఇంతే, సోలని గిద్దెల్లోకి మార్చి చెప్పడం. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) ఆ తర్వాత వస్తుంది.

ఇప్పుడు ఆ 2/5 సంగతి. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడో తరగతి కుర్రాడు ఇలాగే 2/5 రాశాడు. తప్పని ఎర్రసిరాతో కొట్టేశాను. వాడు ఊరుకోలేదు. "ఏటి మాస్టారూ, మొదటి పరీక్షలో రెండుకి ఒకటి వచ్చింది, రెండోదాన్లో మూడుకి ఒకటి వచ్చింది. మొత్తం ఐదుకి రెండే కదా, మరెలాగ తప్పు?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. "క.సా.గు. చెయ్యి, అలాగే చెయ్యాలి" అని కూర్చోబెట్టేశాను. వాడు చెప్పింది వాడి లెక్కలో నిజం. మార్కులు కలిపినప్పుడు ఐదుకి రెండే వస్తాయి. తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. వాడు రెండు మార్కుల పరీక్షనీ మూడు మార్కుల పరీక్షనీ కలిపి ఐదు మార్కుల పరీక్ష చేశాడు. మొత్తమే మారిపోయింది. భిన్నాలు కూడేటప్పుడు మొత్తం మారకూడదు. ఒకే తవ్వలో సగం, అదే తవ్వలో మూడో వంతు.

కాబట్టి మీ తరగతిలో ఎవరు ఏ భిన్నం పలికినా మీరు అడగాల్సింది ఒక్కటే. "దేనిలో?" సగం. దేనిలో? పావు. దేనిలో? విసుగొచ్చేదాకా అడగండి. శాతాల్లోకి వెళ్ళాక మీకు అక్కరకొచ్చేది ఇదే.

2/5 రాసినవాళ్ళకి సూత్రం చెప్పే ముందు ఇంకో ప్రశ్న వేయండి. అరగంట చదివావు, తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు చదివావు. మొత్తం అరగంట కన్నా ఎక్కువా, తక్కువా? ఎక్కువ. మరి 2/5 గంట అంటే 24 నిమిషాలు. అరగంట చదివి ఇంకా చదివితే 24 నిమిషాలకి దిగిపోయిందేమిట్రా? తరగతి నవ్వుతుంది, తప్పు రాసినవాడూ నవ్వుతాడు. 50 నిమిషాలు, అరవయ్యింట యాభై, ఆరింట ఐదు. జవాబు ఎటువైపు ఉండాలో ముందు అంచనా వేసి, ఆ తర్వాత కలం పట్టడం అలవాటైతే సగం తప్పులు వాటంతటవే రాలిపోతాయి.

బొమ్మల గురించి ఒక మాట. పుస్తకాల్లో గుండ్రటి పిజ్జా, గుండ్రటి కేకు బొమ్మలు వేస్తారు. నాకవి నచ్చవు. గుండ్రంగా ఉన్నదాన్ని మూడు సమాన వంతులు చెయ్యడం పెద్దవాళ్ళకే రాదు. పైగా ముక్క అనగానే తినేదే గుర్తొస్తుంది గానీ సంఖ్య గుర్తుకు రాదు. పాత నోట్సు కాగితాన్ని పొడుగ్గా పట్టీల్లా కోయించండి. ఒకటి సగానికి మడత, ఒకటి నాలుగుకి, ఒకటి ఎనిమిదికి, ఒకటి మూడుకి. మూడుకి మడవడం దగ్గర గొడవ పడతారు, పడనివ్వండి. పట్టీని నేల మీద గీసిన గీత పక్కన పెట్టి, ఈ చివర 0, ఆ చివర 1 రాయిస్తే 3/4కి గీత మీద ఒక చోటు దొరుకుతుంది. మూడుకీ నాలుగుకీ మధ్య కాదు, సున్నాకీ ఒకటికీ మధ్య. అది కూడా ఒక సంఖ్యే అని పిల్లలు మొదటిసారి చూసేది అక్కడే.

దశాంశాల మీద ఎక్కువ సేపు ఆగకండి. 0.25ని "సున్నా పాయింట్ ఇరవై ఐదు" అని చదవనివ్వకండి, అంతే. అలా చదివితే 0.5 కన్నా 0.25 పెద్దదవుతుంది. "సున్నా పాయింట్ రెండు ఐదు" అనాలి. మగపిల్లలకి క్రికెట్ పిచ్చి ఉంటే ఒక హెచ్చరిక. 4.3 ఓవర్లు అంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, నాలుగున్నర ఓవర్లు. అది దశాంశం కాదు. ఈ మాట మీరే ముందు చెప్పకపోతే 4.3 నాలుగున్నర ఎలా అయిందని ఎవడో ఒకడు మిమ్మల్ని ఇరుకున పెడతాడు.

ఇక శాతం. సూత్రం తుడిచేసి "నూటికి" అని రాయండి. మనవాళ్ళు తరతరాలుగా అంటున్న మాట. నూటికి నూరు, నూటికి తొంభై, నూటికో కోటికో ఒకడు. అంతకు ముందు పదహారణాల లెక్క ఉండేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. పదహారణాల తెలుగమ్మాయి అన్నామంటే నూటికి నూరుపాళ్ళూ అనే. పన్నెండణాలంటే ముప్పావు, అంటే నూటికి 75. పిల్లలకి ఇది కథలా చెప్పండి, పరీక్ష పెట్టకండి.

నూటిలో ఒక వంతుని కళ్ళతో చూపించాలంటే పొలానికి తీసుకెళ్ళండి. ఎకరంలో నూరు సెంట్లు. సెంటు అన్న మాటకే నూటిలో ఒకటని అర్థం. ఎకరంలో 35 సెంట్లు నువ్వులు వేశారంటే 35 శాతం వేసినట్టే. సూత్రం అక్కర్లేదు. రెండెకరాల్లో 35 సెంట్లు వేస్తేనో? ఇక్కడే చాలామంది మళ్ళీ 35 అంటారు. అప్పుడు "దేనిలో?" అనండి. రెండు వందల సెంట్లలో 35, నూటికి పదిహేడున్నర.

వడ్డీ ఇంకా మంచి పాఠం, కాకపోతే జాగ్రత్తగా చెప్పాలి. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అన్న మాట ప్రతి పిల్లాడూ విని ఉంటాడు. అందులో దాగున్న మాట "నెలకి". ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. బ్యాంకువాళ్ళు చెప్పేది ఏడాది లెక్క. బ్యాంకు 12 శాతం అంటే ఊళ్ళో రూపాయి వడ్డీ అన్నమాట. ఇది తెలియక 12 పెద్దదని, 2 చిన్నదని మోసపోయిన పెద్దవాళ్ళున్నారు. మన రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ పథకం వచ్చింది గుర్తుందా? నూటికి నెలకి పావలా, పన్నెండు నెలలకి మూడు రూపాయలు, అంటే ఏడాదికి 3 శాతం. మీ పిల్లలు పావలా బిళ్ళ చూసి ఉండరు, 2011 జూన్ 30 తర్వాత అది చెల్లడం మానేసింది. కానీ వాళ్ళ అమ్మలకి ఆ పథకం బాగా తెలుసు. అడిగి రమ్మనండి. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఎవరింట్లో ఎంత అప్పుంది, ఎంత వడ్డీకి తెచ్చారు అని తరగతిలో అడగకండి. నేనొకసారి అడిగాను. ఒక పిల్ల తల దించుకుని మళ్ళీ ఎత్తలేదు. అప్పటి నుంచి కల్పిత లెక్కలే ఇచ్చేవాణ్ణి.

బంగారం మీద 916 అని ముద్ర ఉంటుంది. అదేమిటని ఆడపిల్లల్ని అడగండి. 24 క్యారెట్లలో 22. ఇరవై నాలుగింట ఇరవై రెండు. భాగించి చూడమనండి, 0.9166 వస్తుంది. వెయ్యికి 916 పాళ్ళు, నూటికి 91.6. ఒకే నగ మీద భిన్నం, దశాంశం, శాతం మూడూ కూర్చున్నాయి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

డిస్కౌంట్లకి వచ్చేసరికి నోటి లెక్క నేర్పండి. 840 రూపాయల్లో 15 శాతం ఎంత? నూటికి పది అంటే 84, అందులో సగం 42, మొత్తం 126. పది శాతం, ఐదు శాతం, ఒక శాతం, ఈ మూడూ చేతిలో ఉంటే అన్నీ అల్లుకోవచ్చు. ఆ తర్వాత ఆషాఢం సేల్ కరపత్రం ఒకటి తరగతికి తీసుకెళ్ళండి. మా విజయనగరంలో గంటస్తంభం చుట్టూ ఆ నెలలో ఎటు చూసినా "50 శాతం మీద మరో 20 శాతం" అనే బోర్డులే. పిల్లలు 70 శాతం తగ్గిందంటారు. వెయ్యి రూపాయల చీర తీసుకోండి. సగం పోతే 500. ఆ 20 శాతం దేనిలో? 500లో. వంద పోయి 400 మిగిలింది. తగ్గింది 60 శాతమే. అలాగే వెయ్యి రూపాయల సరుకుని 20 శాతం పెంచి, మళ్ళీ 20 శాతం తగ్గిస్తే 1200 అయి 960కి దిగుతుంది. నలభై ఎక్కడికి పోయాయని పోట్లాడతారు. పోట్లాడనివ్వండి, మీరు చెప్పకండి. చక్రవడ్డీ కూడా ఈ పోట్లాటలోంచే వస్తుంది. వెయ్యి, 1100, 1210, 1331. ప్రతి ఏడూ పది శాతమే, దేనిలో పది అన్నదే మారుతోంది.

వెనక నుంచి ముందుకి వేసే లెక్కలు కొన్ని మర్చిపోకండి. క్వింటా ధాన్యానికి 67 కిలోల బియ్యం ఇవ్వాలన్నది ప్రభుత్వం మిల్లులకి పెట్టిన లెక్క. మరి 500 కిలోల బియ్యం కావాలంటే ఎంత ధాన్యం ఆడించాలి? 500లో 67 శాతం తీసి 335 అని రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. బియ్యం కన్నా ధాన్యం తక్కువా అని అడగండి, వాళ్ళే కొట్టేసుకుంటారు. సుమారు 746 కిలోలు.

ఎక్కాల గురించి మీ తోటి టీచర్లు అన్నది పూర్తిగా తప్పు కాదు. ఎక్కాలు రాకపోతే చెయ్యి నడవదు. కానీ ఎక్కాలన్నీ వచ్చేదాకా భిన్నాలు ఆపితే పదో తరగతి అయిపోతుంది. రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పావు ఎక్కం చెప్పించండి. పావు ఒకట్ల పావు, పావు రెండ్ల అర, పావు మూళ్ళ ముప్పావు, పావు నాలుగుల ఒకటి. మా తాత నిద్రలో కూడా చెప్పేవాడు. నాలుగో ఎక్కం రాని పిల్లలు కూడా దీన్ని మూడు రోజుల్లో పట్టేస్తారు. పట్టాక నాలుగో ఎక్కం దానంతటదే సగం వచ్చేసి ఉంటుంది.

పదో పీరియడ్‌లో మళ్ళీ ఆ మొదటి ప్రశ్నే అడగాలనిపిస్తుంది మీకు. 1/4, 1/8 అడగకండి, ఈసారి అందరూ సరిగ్గానే చెబుతారు. 1/4, 3/8 అడగండి. "కింద అంకె చిన్నదైతే భిన్నం పెద్దది" అని ఇంకో సూత్రం బట్టీ పట్టినవాళ్ళు 1/4 అంటారు. గిద్దెలు గుర్తున్నవాళ్ళు రెండు గిద్దెలు, మూడు గిద్దెలు అని లెక్కేసుకుని 3/8 అంటారు. ఎందుకని అడిగి, వాళ్ళు చెప్పిన కారణం కూడా జవాబు పక్కన రాసుకోండి. 1/4 అన్నవాళ్ళు ఆరేడుగురైతే వాళ్ళని సాయంత్రం ఓ పావుగంట కూర్చోబెట్టి, మిగతావాళ్ళతో శాతాల్లోకి వెళ్ళిపోండి. ఇరవై మందయ్యారంటే ఇంకో రెండు రోజులు ఆగి తవ్వ, బియ్యం మళ్ళీ తీయండి. ఆ కారణాల కాగితం నాకూ ఒక కాపీ పంపండి.